చల్లగాలిలో ముక్కవాసన

వానకాలము ప్రవేశించిన పిమ్మట మా మట్టెవాడలో కారుగల గృహస్థులను ఏ నలుగురిని పలుకరించినను ఒక ఫిర్యాదు తప్పక వినవచ్చును. బండి యెక్కి, తలుపులు మూసి, ఏసీ మీట నొక్కగానే మొదట ఒక వాసన గుప్పున ముఖమునకు తగులును. తడిసి ఆరని బట్టలమూటను విప్పినట్లు, అటకమీది పాత గోనెసంచిని దులిపినట్లు ఉండు ఆ వాసనను మన పెద్దలు ముక్కవాసన అన్నారు. రెండు మూడు నిమిషములలో అది తగ్గిపోవును. తగ్గినది గదా యని మనమును మరచిపోవుదుము. మరునాటి ఉదయము మరల అదే వరుస.

ఇంత చిన్న విషయమునకు ఒక ప్రసంగమా యని కొందరు శ్రోతలకు తోచవచ్చును. కాని ఆ మూసిన పెట్టెలో మనతోపాటు ఎవరు కూర్చుందురో ఆలోచింపుడు. ఉబ్బసముగల తాతగారు ఉందురు. జలుబు తగ్గని పసివాడు ఉండును. ఆసుపత్రినుండి ఇంటికి తెచ్చుకొను బాలింత ఉండును. బయట వీధిలో తగిలిన వాసన గాలికి చెదరిపోవును. కారులో అదే గాలి తిరిగి తిరిగి వారి ఊపిరితిత్తులలోనికే పోవును. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. ఈ వాసనను పోగొట్టవలెనని ఇండ్లలో చేయుచున్న ఉపాయములలో కొన్ని, అసలు వాసనకంటె ఎక్కువ హాని చేయునవి. కావున కారణమేమో తెలిసికొని, ఆ మీదట చికిత్సకు పూనుకొనుట మంచిది.

ఈ సమస్య ఇప్పుడు కొద్దిమంది ధనికులది మాత్రమే కాదు. వరంగల్లునుండి హైదరాబాదునకు ఏసీ బస్సులు నడచుచున్నవి. కేంద్రప్రభుత్వము 2023 డిసెంబరులో ప్రకటించిన నిబంధన ప్రకారము, క్రొత్తగా తయారగు మధ్యతరహా లారీలలోను, భారీ లారీలలోను డ్రైవరు కూర్చుండు గదికి ఏసీ తప్పనిసరి అయినది. ఎనుమాముల మార్కెట్టునకు మిర్చిబస్తాలను తెచ్చు డ్రైవరునకు సైతము ఇకమీదట ఇది తెలిసియుండదగిన విషయమే.

మొదట ఒక భేదము గుర్తింపవలెను. వేసవిలో మన ఇండ్లలో వాడు కూలరు గాలికి తడిని చేర్చి చల్లబరచును. పూర్వము కిటికీలకు కట్టిన వట్టివేళ్ల తడికలు చేసినదియు అదే పని. ఏసీ పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకము. అది గాలిలోని తడిని పిండివేయును. వాస్తవమునకు ఈ విద్య పుట్టినదే అందుకొరకు. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయమున గాలి తేమవలన కాగితము సాగి ముడుచుకొని, ఒక రంగుపై మరియొక రంగు సరిగా పడకుండెను. ఆ తేమను అదుపుచేయుటకై విల్లిస్ కారియర్ అను యువ ఇంజనీరు ఒక ఏర్పాటును రూపొందించెను. మనుష్యులకు చల్లదనము కలిగించుట తరువాతి మాట. కారులలోనికి ఇది వచ్చుటకు ఇంకను చాలకాలము పట్టినది. పాకార్డు సంస్థవారు తమ 1940వ సంవత్సరపు కార్లలో దీనిని అమర్చి అమ్మినారు. ఆ తొలి కార్లలో ఏసీని ఆపవలెనన్నచో బండి నిలిపి, ముందుమూత ఎత్తి, యంత్రమునకు తగిలించిన బెల్టును ఊడదీయవలసి వచ్చెడిది. నేడు ఒక మీటతో ఆ పని జరుగుచున్నది. అయితే లోపల జరుగు ప్రక్రియ నాటిదే.

ఆ ప్రక్రియ ఏమనగా: డ్యాష్‌బోర్డు వెనుక, మన కంటికి కనబడని చోట, సన్నని రేకుల దొంతరగల ఒక అల్యూమినియపు పెట్టె ఉండును. మెకానిక్కులు దానిని కూలింగ్ కాయిలు అందురు. ఏసీ గ్యాసు దాని గొట్టములలో పారుచు రేకులను సున్న డిగ్రీలకు కొంచెము పైగా చల్లబరచును. ఫ్యాను తోసిన గాలి ఆ రేకుల సందులనుండి దూరి, చల్లబడి, మన ముఖమునకు తగులును. ఇప్పుడు నీటి లెక్క చూడుడు. 30 డిగ్రీల వేడిగల గాలి ఒక ఘనమీటరులో సుమారు 30 గ్రాముల నీటియావిరిని మోయగలదు. 10 డిగ్రీలకు చల్లబడినప్పుడు అదే గాలి మోయగలిగినది 9 గ్రాములకు కొంచెము పైన మాత్రమే. శ్రావణమాసపు ముసురులో గాలి తన శక్తికి ఎనుబదివంతుల నీటిని మోయుచున్నదనుకొన్నను, ప్రతి ఘనమీటరునకు దాదాపు 15 గ్రాములు, అనగా మూడు చిన్న చెంచాల నీరు, ఆ రేకులమీద దిగవలసినదే. ఫ్యాను నిమిషమునకు కొన్ని ఘనమీటర్ల గాలిని త్రోయును గదా. కిటికీలు మూసి బయటిగాలిని తీసికొనుచు సాగిన గంట ప్రయాణములో లీటరునకు పైగా నీరు దిగుట వింత కాదు. కారు నిలిపినచోట క్రింద చిన్న మడుగు ఏర్పడుట మీరు చూచియే యుందురు. అది బండి రోగము కాదు, ఆరోగ్యము.

రోగము ఆ నీరు దిగిపోక నిలిచినప్పుడు మొదలగును. మనము ఇల్లు చేరగానే ఇంజను ఆపి, తలుపులు బిగించి లోపలికి పోవుదుము. రేకులు తడిగానే ఉండును. చీకటి, తడి, ఒక మోస్తరు వెచ్చదనము మూడును అక్కడ కుదిరినవి. తినుటకు ఆహారముకూడ కావలెను గదా యందురా? వీధి ధూళి, చెట్ల పుప్పొడి, మన బట్టల నూలుపోగులు, మార్కెట్టు దారులలో ఎగురు పత్తిదూది, మిర్చిపొడి, వేపాకుల చెత్త ఇవన్నియు గాలితోపాటు లోపలికి చేరి రేకులకు అంటుకొనును. బూజునకు, సూక్ష్మజీవులకు అంతకంటె మంచి పొలము దొరకదు. అవి పలుచని జిగటపొరగా పెరిగి, తాము బ్రతుకుచు కొన్ని వాయుపదార్థములను విడుచుచుండును. వాటి వాసనయే మన ముక్కవాసన.

ఇందులో ఒక చమత్కారము కలదు. తొలకరి చినుకు పడగానే నేలనుండి లేచు కమ్మని వాసనకు 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనువారు పెట్రికోర్ అను పేరు పెట్టినారు. కనౌజులోని అత్తరువారు ఆ మట్టివాసననే చందనతైలములో పట్టి అమ్ముదురు. మట్టిలోని సూక్ష్మజీవులు పుట్టించు జియాస్మిన్ అను పదార్థము ఆ వాసనలో ఒక భాగము. లక్షకోట్ల వంతులలో కొద్ది వంతులున్నను మనుష్యుని ముక్కు దానిని పట్టగలదు. తడి నిలిచినచోట పెరుగు కొన్ని జీవులును దీనినే విడుచును. వాన వెలసిన పొలములో ఆహ్లాదము కలిగించునదే మూసిన కారులో వెగటు పుట్టించును. మన ముక్కు ఇంత సూక్ష్మముగా పసిగట్టుచున్నది కావుననే, బూజు కొంచెముగా ఉన్నప్పుడే మనకు హెచ్చరిక అందుచున్నది. ఆ హెచ్చరికను అత్తరుతో కప్పిపుచ్చుట తెలివిగల పని కాదు.

వాసన మొదటి నిమిషములలో ఎక్కువగా వచ్చి తరువాత తగ్గుటకుకూడ కారణము ఇదియే. రాత్రియంతయు పెట్టెలో ఊరిన వాయువులను ఫ్యాను ఒక్కసారిగా బయటికి తోయును. పిమ్మట రేకులమీద క్రొత్తనీరు దిగి వాటిని కప్పును. ప్రయాణము మధ్యలో చల్లదనము చాలునని యంత్రము తానే కాసేపు ఆగినప్పుడు ఆ నీరు ఆరుట మొదలగును. అప్పుడు వాసన మరల పలుకరించును. మీ కారులో వాసన ఈ విధముగా వచ్చుచు పోవుచున్నచో, దాని నివాసము కూలింగ్ కాయిలని దాదాపు నిశ్చయముగా చెప్పవచ్చును.

ఇతర వాసనలను దీనితో కలుపరాదు. తీయని పాకమువంటి వాసన వచ్చుచు అద్దమునకు జిడ్డు పట్టుచున్నచో ఇంజను చల్లబరచు ద్రవము లోపల కారుచున్నదని అనుమానింపవలెను. కాలిన ప్లాస్టిక్కు వాసన విద్యుత్తు తీగల లోపమునకు సూచన. పెట్రోలు వాసన, పొగగొట్టపు వాసన వచ్చినచో కిటికీలు తెరచి, బండి ఆపి, వెంటనే మెకానిక్కునకు చూపవలెను. ప్రతిదినము పెరుగుచు భరింపరాకుండ ఉండు కుళ్లువాసనయైనచో, ఫ్యాను గూటిలో ఎలుకయో తొండయో చచ్చియుండవచ్చును. ఇండ్లు, కిరాణా దుకాణములు ఒకదానినొకటి ఆనుకొనియున్న మావంటి పాతపేటలలో రాత్రులు నిలిపిన కారులోనికి ఎలుక దూరుట అరుదు కాదు.

ఇప్పుడు చేయకూడని పనులు చెప్పెదము. కొందరు సీటు క్రింద కలరా ఉండలు వేయుదురు. ఇది మిక్కిలి ప్రమాదకరము. ఎండలో నిలిపిన కారులో నాఫ్తలీను ఆవిరి దట్టముగా నిండును. పుట్టుకతో జి-6-పి-డి అను ఎంజైము లోపముగల పసిబిడ్డలకు ఆ ఆవిరి సోకినచో రక్తకణములు చితికి, పచ్చకామెర్లు ముదిరి ప్రాణాపాయము కలుగవచ్చును. ఏ బిడ్డకు ఆ లోపమున్నదో చూచినంతమాత్రమున తెలియదు. కర్పూరపు బిళ్లలు పసివారి చేతికి చిక్కి నోటికి పోయినచో మూర్ఛలు వచ్చును; వాటినికూడ వాడరాదు. మరికొందరు సానిటైజరును గాలిరంధ్రములలో చల్లుదురు. స్పిరిటు ఆవిరి నిప్పురవ్వకు అంటుకొనును. బ్లీచింగు నీరు అల్యూమినియమును తినివేయును. ఓజోను యంత్రము పెట్టించుకొనువారు ఆ సమయమున కారులో ఎవ్వరును లేకుండ చూచుకొని, తరువాత తలుపులు తెరచి చాలసేపు గాలి ఆడనీయవలెను. ఆ వాయువు ఊపిరితిత్తులకు మంట కలిగించునది. ఇవి ఏవియు తడిని తీసివేయవు. తడి పోనంతవరకు బూజు తిరిగి మొలచుచునే యుండును.

సరియైన చికిత్సకు ఒక వరుస ఉన్నది. ఖర్చులేని పనినుండి ఖర్చుగల పనికి పోవుట ఆ వరుస.

మొదటిది లోపలి శుభ్రత. కాళ్లక్రింది పరుపులను తీసి, వాటి అడుగు నేలను అరచేతితో ఒత్తి చూడుడు. తడిగొడుగు, వానలో తడిసిన బూట్లు, ఒలికిన పాలు, భద్రకాళి గుడినుండి వచ్చునప్పుడు సీటు క్రిందికి దొర్లిన కొబ్బరిచిప్ప, మేడారమునకు పోయినప్పుడు సంచినుండి కారిన బెల్లము ఇట్టివి తేలవచ్చును. వీనిని తీసి, తుడిచి, ఎండ కాసిన దినమున నాలుగు తలుపులును తెరచి రెండు మూడు గంటలు కారును ఆరబెట్టవలెను. మన పెద్దలు పరుపులను, ధాన్యమును ఎండబెట్టిన నీతి కారునకును వర్తించును.

రెండవది ఏసీ ఫిల్టరు. అనేక కార్లలో ఇది ముందరి ఎడమసీటు ఎదుటనున్న చిన్న అర వెనుక ఉండును. అరను విప్పి దానిని బయటికి లాగుట సాధారణముగా పది నిమిషముల పని. తెల్లని మడతల కాగితము నల్లబడి, ఆకులతో, పోగులతో నిండియున్నచో మార్చవలసినదే. నీటితో కడిగి మరల పెట్టరాదు. తడిసిన కాగితమే బూజునకు పుట్టిల్లగును. క్రొత్తదానిమీద గాలి పోవు దిక్కును చూపు బాణపు గుర్తు ఉండును. దాని ప్రకారము అమర్చవలెను. సంవత్సరమునకొకమారు మార్చుట సామాన్యనియమము. దుమ్ముదారులలో తిరుగు బండ్లకు అంతకుముందే అవసరమగును. వానకాలమునకు పూర్వము మార్చుట ఉత్తమము. కొన్ని పాతకార్లలో ఈ ఫిల్టరు అసలే ఉండదు. అట్టివానిలో చెత్త నేరుగా రేకులకు చేరును గనుక కాయిలు కడిగించుట మరింత అవసరము. ముందరి అద్దము మొదట, తుడుచు పుల్లలు అమర్చినచోట, ఆకులు రాలి పేరుకొనును. బయటిగాలి లోపలికి పోవు ద్వారము అదే. చెట్టుక్రింద కారు నిలుపువారు వారమునకొకసారి చేతితో ఆ ఆకులను తీసివేయవలెను.

మూడవది నీరు బయటికి పోవు గొట్టము. మాది పాకాల, రామప్ప చెరువుల సీమ. తూములేని చెరువును కాకతీయుల కాలమున ఎవరును కట్టలేదు. కూలింగ్ కాయిలు క్రిందను అట్టి తూము ఒకటి ఉన్నది. వ్రేలి లావుగల ఆ రబ్బరు గొట్టములో ఆకుముక్కయో, మట్టియో అడ్డుపడినచో నీరు పెట్టెలో నిలిచి, చివరకు ముందరి సీటు కాళ్లచోటికి పొంగును. పరీక్ష సులభము. ముసురు దినమున ఏసీ వేసి పావుగంట నడిపి, బండిని ఒకచోట నిలిపి క్రింద చూడుడు. నీరు చుక్కలుగా పడుచున్నచో గొట్టము తెరచియున్నట్లే. ఒక్క చుక్కయు పడనిచో, లేదా లోపలి పరుపు తడియైనచో, మెకానిక్కుచేత గొట్టమును శుభ్రము చేయింపవలెను. ఇనుపకమ్మి గ్రుచ్చినచో కాయిలునకు రంధ్రము పడు భయము కలదు. మెత్తని తీగతోగాని, మెల్లని గాలితోగాని చేయవలెను.

నాల్గవది కాయిలు కడుగుట. ఇందుకొరకే అమ్ము నురుగుమందు దుకాణములలో దొరకును. ఇంజను ఆపి, సన్నని గొట్టము ద్వారా ఆ నురుగును రేకులమీదికి ఎక్కించి, డబ్బాపై వ్రాసిన సమయమువరకు ఉంచినచో, మురికితో కలిసి అది నీరుగా క్రిందికి దిగును. ఆ మీదట కిటికీలు తెరచి, ఏసీ లేకుండ ఫ్యానును పెద్దవేగముతో నడిపి ఆరబెట్టవలెను. ఫ్యాను రెక్కలమీదను జిగటపొర ఉండును గనుక వానినికూడ తుడిపించుట మంచిది. ఈ పనులకొరకు ఇంజను నడపవలసి వచ్చినచో కారును ఆరుబయట నిలుపుడు. మూసిన షెడ్డులో ఇంజను నడిపినచో కార్బన్ మోనాక్సైడు నిండును. దానికి వాసన యే లేదు; అది ప్రాణములు తీయు విషవాయువు. ఇంకొక మాట: ముక్కవాసనకు ఏసీ గ్యాసుతో సంబంధము లేదు. చల్లదనము చక్కగా వచ్చుచుండగా, వాసన పోవుటకు గ్యాసు నింపవలెనని ఎవరైన చెప్పినచో, ఆ ఖర్చునకు ఒప్పుకొనవలసిన పని లేదు.

ఇవన్నియు చేసి వాసన పోయినదనుకొందము. మరల రాకుండ కాపాడు అలవాటు ఒక్కటే కలదు. దానికి ఒక్క పైసయు అక్కరలేదు. ఇల్లు చేరుటకు నాలుగైదు నిమిషముల ముందు ఏసీని ఆపి, ఫ్యానును మాత్రము నడవనీయుడు. బయటిగాలి వచ్చు మీటను తెరువుడు. హనుమకొండనుండి మట్టెవాడకు వచ్చువారు పోచమ్మమైదానము దాటక మునుపే ఈ పని చేసినచో, ఇంటి గుమ్మము ముందు బండి ఆగునప్పటికి రేకులమీది నీరు చాలవరకు ఆరిపోవును. ఆ కొద్ది నిమిషములు గాలి కొంచెము వెచ్చగా వచ్చును, అంతే. కొన్ని క్రొత్తకార్లలో ఇంజను ఆపిన తరువాత ఫ్యాను తానే కొంతసేపు తిరిగి రేకులను ఆరబెట్టు ఏర్పాటుకూడ వచ్చినది. తయారుచేయువారును ఈ ఉపాయమునే ఆశ్రయించినారనుటకు ఇది నిదర్శనము.

దీనితోపాటు లోపలిగాలినే తిప్పు మీటను గూర్చి ఒక జాగ్రత్త. ముందు లారీ దుమ్ము లేపుచున్నప్పుడు, పొగ క్రమ్మినప్పుడు దానిని మూయుట సబబే. దారి బాగుపడగానే తెరువవలెను. దీర్ఘప్రయాణమంతయు మూసియుంచినచో, మన ఊపిరిలోని తేమయు, తడిబట్టల తేమయు లోపలనే తిరుగుచు, గాలి బరువెక్కి డ్రైవరునకు మగతకూడ కలుగవచ్చును.

చివరకు వరదనీటిని గూర్చి చెప్పక విడువరాదు. 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను కురిసిన భారీవానలకు వరంగల్లు, హనుమకొండలలో అనేక కాలనీలు నీట మునిగినవి. వీధులలో నిలిపిన వాహనములలోనికి నీరు చేరినది. అట్టి కారునకు పైన చెప్పిన చికిత్స చాలదు. సీట్లు విప్పి, పరుపును, దాని క్రింది మందపాటి దూదిపొరను బయటికి తీసి ఎండబెట్టవలెను; మురుగునీరు చేరియున్నచో ఆ పొరను మార్చుటయే మేలు. పైన పొడిగా కనబడినను అడుగున అది నెలల తరబడి తడిని దాచుకొనును. పాతకారు కొనువారు ఈ సంగతి గుర్తుంచుకొనుడు. అమ్మకమునకు నిలిపిన కారులో అత్తరు ఘాటుగా కొట్టుచున్నచో, ఆ అత్తరు దేనిని కప్పుచున్నదో విచారింపుడు. తలుపులు మూసి పది నిమిషములు కూర్చుండి, సీటుపట్టీని చివరివరకు బయటికి లాగి చూడుడు. పట్టీ లోపలి భాగమున మట్టిచార, సీటు క్రింది మేకులకు తుప్పు కనబడినచో, ధర యెంత తక్కువయైనను తొందరపడరాదు.

ఏసీ గాలినుండి నీటిని పిండక మానదు. అది దాని ధర్మము. ఆ నీటిని నిలువనీయకుండ పంపివేయుట మన ధర్మము. ఫిల్టరు మార్చుట సంవత్సరమునకొకనాటి పని. తూము చూచుట వానకాలమునకొకనాటి పని. రేకులను ఆరబెట్టుట ప్రతిదినము నాలుగు నిమిషముల పని. ఈ మూడును పాటించు ఇంటివారు వెనుకసీటులో పసిబిడ్డను పండుకొనబెట్టుకొని, కిటికీలు మూసి, నిశ్చింతగా ప్రయాణము చేయవచ్చును. ఇవి చేసినను కారులో కూర్చున్నప్పుడెల్ల ఎవరికైన దగ్గు, ఆయాసము వచ్చుచున్నచో, బండిని మెకానిక్కునకు చూపుటతో సరిపెట్టక, మనిషిని వైద్యునికి చూపవలెను.